సందులో నుంచి రండి

మదనపల్లెలో దొరల కాలనీ అంటే ఇప్పటికీ ఒక పేరు. గీత గీసినట్టు వీధులు, ఎర్ర పెంకుల బంగళాలు, ఒక్కో ఇంటికి ముందు పెద్ద గేటు, వెనక పనివాళ్లకు వేరే సందు. కట్టిన దొరలు ఎప్పుడో పోయారు, సందు మాత్రం పోలేదు.

అక్కడ ఇల్లు కొనాలని నేను పట్టుబట్టింది బంగళా మీద మోజుతో కాదు. పక్కింట్లో కృపావతి టీచరమ్మ ఉంటుందని. మా అమ్మ మారెమ్మ ఆమె ఇంట్లో అంట్లు తోమేది. ఒక వానాకాలం సందు నిండా మురికినీళ్లు నిలిస్తే, అమ్మ నా చెయ్యి పట్టుకొని ముందు గేటులోంచి వెళ్లింది. టీచరమ్మ వరండాలో నిలబడి, "మారెమ్మా, నీ దారి ఇది కాదు గదా" అంది. అరవలేదు, తిట్టలేదు. అమ్మ వెనక్కి తిరిగి, మోకాటి లోతు నీళ్లలో చుట్టూ తిరిగి వచ్చి అంట్లు తోమింది. అప్పటి నుంచి ఆ మాట నా కడుపులో మండుతూనే ఉంది.

కుప్పంలో మాకు బాగానే జరిగేది. అయినా ట్రాన్స్‌ఫర్ కోసం కాళ్లరిగేలా తిరిగాను. మా ఆయన అజయ్‌ను విసిగించి ఒప్పించాను, పిల్లల బడి మార్చాను. అంతా ఒక్క పూట కోసం. టీచరమ్మ ఆ సందులో నడవాలి, నేను కళ్లారా చూడాలి.

గృహప్రవేశానికి కాలనీ అందరినీ పిలిచాను. సదుంలో తమ్ముడి దగ్గరున్న అమ్మ మాత్రం మోకాళ్ల నొప్పులని, రాలేనంది. పాలు పొంగించగానే ముందు గేటుకు బీగం వేశాను.

"యాల బీగం?" అన్నాడు అజయ్.

"గేటు తుప్పు పట్టిండాది. పిల్లోళ్ల మీద పడ్తాది. అందరినీ ఎనక సందులో రమ్మని చెప్పు."

నిన్ననే దానికి రంగు వేయించినవాడు ఆయనే. నా మొహం చూసి, అందరికీ ఆ మాటే చెప్పడానికి వెళ్లాడు. సందులో రెండు బిందెల నీళ్లు కూడా పోయించాను, దాచుకోవడం ఎందుకు.

టీచరమ్మ వచ్చింది. తెల్లచీర, చేతికర్ర. చీర అంచుకు బురద అంటింది. నా ప్రాణానికి హాయిగా ఉంది. ఆమె ముఖం చిట్లిస్తే చాలు, "మీ దారి ఇదే కదా టీచరమ్మా" అనడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఈ సందు ఇంత సల్లగా ఉంటాదని నాకు తెలీనే తెలీదమ్మా," అందామె నవ్వుతూ. "ఇన్నేండ్లు ఈడనే ఉండాను, ఒక్కసారి గూడా ఇట్ల రాలేదు."

నేను మారెమ్మ కూతురినని చెప్పాను.

"ఏ మారెమ్మ?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏ మారెమ్మో చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే ఆమె వెనక సందులో అమ్మ కనిపించింది. కొత్త పట్టుచీర కట్టుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని, తమ్ముడు శివకుమార్ భుజం ఆసరాగా బురదలో మెల్లగా వస్తోంది.

"రానంటివి గదమ్మా," అన్నాను.

"మనసు ఆగలేదు. పుంగనూరులో బస్సు మారి వస్తిమి. మా అనిత ఇంటికి ముందు గేటులోనే పోతానని దోవంతా శివకు చెప్తాంటి."

అమ్మ టీచరమ్మను చూసి, గోడకు ఒదిగి దారి ఇచ్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అంది.

"బీగం ఏసిండాది సూస్తి. పెద్దోళ్లు వస్తాండారు గదా, నన్ను ఇట్ల రమ్మంటివేమో అనుకొంటి."