రెండు ధరలు చెప్పాల్సినవాడు

కవరు మీద తన పేరు చూసి, పొరపాటున వచ్చిందనుకుంది విజయలక్ష్మి. శాలిబండలోని ఆ ఇంటికి ఉత్తరాలు భర్త గుండయ్య పేరున వస్తాయి, లేదంటే ఉస్మాన్‌గంజ్‌లో ఉన్న వాళ్ళ మిరపకాయల దుకాణం పేరున. విప్పి చూస్తే ఏదో ప్లాస్టిక్ పైపుల కంపెనీ. తమ వాటాదారు శ్రీమతి విజయలక్ష్మి గారు వార్షిక సమావేశానికి రావలసిందని ఆహ్వానం. ఆమె పేరున తొమ్మిది వేల ఆరు వందల షేర్లున్నాయట.

ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆమె పేరున ఉన్న డబ్బంటే, బహదూర్‌పురాలో తల్లి ఇల్లు అమ్మినప్పుడు వంతుకు వచ్చినదొక్కటే. బ్యాంకులో వేశానని గుండయ్య చెప్పి ఏడాదిన్నర దాటింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన భర్త కంచం ముందు ఆ కవరు పెట్టింది.

"ఇదేంది?"

గుండయ్య ఒకసారి చూసి పక్కకు జరిపాడు. "నీ పేరు మీదనే ఉన్నయి గద. ఎవడన్న ఎత్కపోయిండా? ఊకె లొల్లి చెయ్యకు."

"నన్ను అడిగిన్రా?"

"సంతకం వెట్టినవు గద."

"బ్యాంకు కాయితాలన్నరు, పెట్టిన."

"మన వివేకే ఇప్పిచ్చిండు. మంచి కంపెనీ."

"మంచిదైతే మంచిదే. అమ్మున్రి. నా పైసలు నాకు కావాలె."

గుండయ్య ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. "అమ్ముదమంటే కొనేటోడు లేడు."

తొంభై ఆరు రూపాయలకు కొన్న షేరు అది. వివేక్‌కు చెప్పి అమ్మకానికి పెట్టించింది. మూడు వారాలు గడిచాయి. ఒక్కటీ పోలేదు. వివేక్ ఆమెకు మరిది కొడుకు, ఓ షేర్ల ఆఫీసులో మేనేజరు. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట. "ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, ఇల్లిక్విడ్ స్టాకు గది. టైం పడ్తది." ఆ ఇంగ్లిషు మాటకు అర్థమేమిటని ఆమె అడిగితే, పెద్దనాయినకు చెప్పిన గద అన్నాడు.

వాళ్ళకు రెండిళ్ళ అవతల మొగులయ్య ఉంటాడు. ఒకప్పుడు షేర్ బజార్ హాల్లో ఒక బ్రోకరు దగ్గర గుమస్తాగా పనిచేసినవాడు. విజయలక్ష్మి కవరు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"కొనేటోడు లేకుంటే ఏం చెయ్యాలె అన్నా? గట్లనే పడి ఉండాల్నా?"

మొగులయ్య కళ్ళద్దాలు సర్దుకుని కంపెనీ పేరు చదివాడు. "మా జమానాల హాల్ల జాబర్లని ఉంటుండె చెల్లె. ఎవ్వడు అడగని షేరుకు గూడ ఆయన దగ్గర రెండు ధరలుంటుండె. నువ్వు అమ్మితే గింత, కొంటే గింత. గదే ఆయన పని. ఇప్పుడు హాలు లేదు, జాబర్లు లేరు. గని గిసొంటి చిన్న కంపెనీలకు మార్కెట్ మేకర్ అని ఒగని వెడ్తరు. షేరు బజార్లకొచ్చిన దినం సంది మూడేండ్లు ఆయన ధర చెప్పాలె. చెప్పిన ధరకు కొనాలె."

"ఎవరాయన?"

"కంపెనీ షేర్లు అమ్మెటప్పుడు అచ్చేసిన ప్రాస్పెక్టస్ పుస్తకంల ఉంటది పేరు. ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్ల దొర్కుతది. మీ వివేక్‌ను అడిగినా చెప్తడు. ఆయనకు తెల్వకుంట ఉంటదా?"

మర్నాడు పొద్దున్నే ఆమె వివేక్ ఆఫీసు మెట్లెక్కింది. ఉస్మాన్‌గంజ్ వెనక గల్లీలో మొదటి అంతస్తు, గోడ నిండా షేర్ల ధరలు కదిలే తెరలు, వాటి ముందు నలుగురైదుగురు వ్యాపారులు. వివేక్ కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"నా షేర్ల కంపెనీకి మార్కెట్ మేకర్ ఎవరు బిడ్డా?"

వివేక్ చెయ్యి కప్పు మీదే ఆగింది. వెంటనే నవ్వాడు. "గవన్ని అమెరికాల ఉంటయి పెద్దమ్మా. ఎవరు చెప్పిన్రు నీకు? మన దగ్గర గట్లాంటోళ్ళు ఎవ్వరుండరు."

"మూడేండ్లు ధర చెప్పాల్నంట గద?"

"అరే, వాట్సాప్‌ల ఏదో చదివినట్టున్నవు." తెరల ముందు కూర్చున్నవాళ్ళలో ఇద్దరు నవ్వారు. "నువ్వు ఇంటికి పో. పెద్దనాయినను పంపియ్యి, నేను మాట్లాడ్త."

ఆమె చాయ్ ముట్టుకోలేదు. లేచి మెట్లు దిగింది. అబద్ధం చెప్పాడో, నిజం చెప్పాడో ఆమెకింకా తెలియదు. ఆ నవ్వు మాత్రం తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆమె ఏదడిగినా వచ్చే నవ్వే అది.

ఇంటికి వెళ్ళలేదు. నేరుగా శాలిబండ నెట్ సెంటర్‌కు వెళ్ళి కంపెనీ పేరు రాసిచ్చింది. అక్కడి అమ్మాయి అరగంట వెతికి ప్రాస్పెక్టస్ తెరిచింది. మూడు వందల పద్దెనిమిది పేజీలు. అంతా ఇంగ్లిషు. విజయలక్ష్మి చదువుకున్నది ఇంటర్ దాకా. మార్కెట్ మేకర్ అన్న మాటను వెతికిస్తే నలభై చోట్ల కనబడింది. ఒక్కొక్కటీ ఆపించి, వేలు పెట్టి చదివింది. అరవై ఒకటో పేజీలో పేరు, చిరునామా ఉన్నాయి. మూడేళ్ళ గడువు ఇంకా తీరలేదు. షేర్ల బజారు నడిచే సమయంలో నూటికి డెబ్బై అయిదు వంతులు రెండు ధరలూ చూపించాలన్న షరతూ ఉంది.

చిరునామా రెండోసారి చదివింది. ఉస్మాన్‌గంజ్ వెనక గల్లీ, మొదటి అంతస్తు. పొద్దున ఆమె కూర్చుని వచ్చిన ఆఫీసే. పేరు కూడా ఆ తలుపు మీద ఉన్న పేరే.

ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేకపోయింది. ధర చెబితే కొనాలి. కొంటే ఎవరూ అడగని షేర్లు వాళ్ళ నెత్తినే మిగులుతాయి. అందుకని చెప్పడం మానేశారు. ఆమెకు అంటగట్టినవాళ్ళూ వాళ్ళే, తిరిగి కొనాల్సినవాళ్ళూ వాళ్ళే.

ఆ పేజీ మూడు కాపీలు తీయించుకుని, ఆటో ఎక్కి వెనక్కి వెళ్ళింది. షేర్ల బజారు మూయడానికి ఇంకా రెండు గంటలుంది. ఒక కాపీ వివేక్ బల్ల మీద పెట్టి అరచేత్తో గట్టిగా కొట్టింది.

"చదువు."

"పెద్దమ్మా, లోపట మాట్లాడుకుందాం..."

"లోపటెందుకు? పొద్దుగాల అందరి ముంగటనే నవ్వినవు గద. అందరి ముంగటనే చదువు. గట్టిగ చదువు."

తెరల ముందున్నవాళ్ళు తలలు తిప్పారు. వివేక్ కాయితం బోర్లించి పెట్టాడు. లోపలి గదిలోంచి ఆఫీసు యజమాని వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"క్యా హువా అమ్మా? కూర్చోండి. కొద్దిగ సిస్టం ప్రాబ్లం ఉండె..."

"మూడు వారాల సంది సిస్టం ప్రాబ్లమా? గీ తెరలన్ని నడుస్తున్నయి గద! నా ఒక్క షేరు కాడనే ఖరాబైందా?" ఆమె గొంతు మెట్ల కింద దాకా వినిపించింది. "నా తల్లి ఇంటి పైసలవి. నాకు చెప్పకుంట కొనిపిచ్చిన్రు. అమ్ముతనంటే అమెరికా అన్నరు. ఇగో, రెండో కాయితం ఎక్స్ఛేంజ్‌కు పోతది, మూడోది సెబీకి పోతది. ధర తెర మీదికొచ్చెదాంక నేను ఈడికెల్లి లేవ."

కుర్చీ లాక్కుని తెరకు ఎదురుగా కూర్చుంది. యజమాని ఉర్దూలో వివేక్‌ను ఏదో తిట్టి లోపలికి పోయాడు. పావుగంటకు తెర మీద అంకెలు కదిలాయి. నలభై మూడు రూపాయలకు కొంటామని ఒక ధర, నలభై ఏడుకు అమ్ముతామని ఒక ధర.

"నలభై మూడా?" అంది. సగం కూడా కాదు. అయినా ఆగితే మళ్ళీ ఈ ధర మాయమవుతుందని తెలుసు. "పెట్టు. నా ముంగటనే అమ్మకానికి పెట్టు."

అన్నీ అమ్ముడుపోవడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ బజారు తెరిచే వేళకు ఆ కుర్చీలో ఉంది. అయిదో రోజు తన షేర్ల ఖాతాలో ఉన్న వివేక్ ఫోన్ నంబరు తీసేయించి, తనది పెట్టించింది. ఫిర్యాదు మానుకోమని యజమాని మిఠాయి డబ్బా పంపాడు. డబ్బా వెనక్కి పంపింది, ఫిర్యాదు ఎక్స్ఛేంజ్‌కూ సెబీకీ పంపింది. జవాబు ఇంకా రాలేదు.

"మనోళ్ళల, బిరాదరీల ఇజ్జత్ తీసినవు," అన్నాడు గుండయ్య.

"నా పైసలు సగం పోయినయి. ఇజ్జత్ మీది పోయింది. ఎవరి లెక్క వాళ్ళకే."

వారం గడిచింది. ఆదివారం పొద్దున అతను వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"నా పేరు మీద గూడ ఉన్నయి గా షేర్లు," అన్నాడు. "నీకంటె రెండింతలు. నేను పోతె వాళ్ళు ఏదో ఒకటి చెప్పి పంపుతున్నరు. నువ్వొకసారి వస్తవా?"

విజయలక్ష్మి ఉల్లిగడ్డ కోస్తున్న కత్తి ఆపింది. అతని ముఖంలోకి చూసింది. జాలి వస్తుందేమోనని ఒక క్షణం ఆగింది. రాలేదు.

"అరవై ఒకటో పేజీ," అంది. "పొయ్యి చదువుకోన్రి."