రెండు చుక్కల నూనె

నాకు ముక్కు మీద కోపమని మా కంపెనీలో అందరికీ తెలుసు. అందుకే పిస్టలు గొప్పదని నా ఎదుట ఎవరూ అనరు. కొత్తగా వచ్చిన మేనేజరు అన్నాడు. అదీ నా గదిలో, నా బల్ల మీద చెయ్యి ఆనించి, నా రివాల్వర్లను పాత సామాను కింద జమకట్టి మరీ అన్నాడు.

మాది బ్యాంకుల డబ్బు పెట్టెలను చేరవేసే కంపెనీ. ఏడు బళ్ళు, బండికి ఇద్దరు చొప్పున పద్నాలుగు మంది గార్డులు. వాళ్ళ రివాల్వర్లను విప్పడం, తుడవడం, బిగించడం ఇరవై రెండేళ్ళుగా నా పని. తూటాలు కూర్చునే గుండ్రటి భాగాన్ని నేను చక్రం అంటాను. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అంటానో గానీ గార్డులంతా నాకు చక్రం మామ అని పేరు పెట్టేశారు. వాళ్ళలో ఒకడికి మాత్రం నేను నిజంగానే మామని. మా అమ్మాయిని చేసుకున్నవాడు.

"రివాల్వరు మొరాయించదు సార్," అన్నాను మేనేజరుతో. "ఒక తూటా పేలలేదనుకోండి. ట్రిగ్గరు మళ్ళీ నొక్కితే చాలు, చక్రం తిరిగి ఇంకోటి వస్తుంది. అదే మీ పిస్టలైతే పై భాగం చేత్తో వెనక్కి లాగాలి, పేలని తూటాని బయట పడెయ్యాలి, అప్పుడు మళ్ళీ గురి. ఎదుటివాడు అంతసేపు చేతులు కట్టుకుని నిలబడతాడా?"

"పిస్టల్లో పదిహేను తూటాలుంటాయండీ. మీ దాంట్లో ఆరే."

"రెండోదే ఇరుక్కుంటే మిగతా పదమూడూ ఏం చేసుకుంటారు?"

అతను నవ్వాడు. "వాదన దేనికి? పరీక్ష పెట్టండి. మూడు ఇవి, మూడు అవి. రిపోర్టు మీరే రాయండి. మీరు ఏది రాస్తే గార్డులకి అదే ఇస్తాను."

మీరే అన్న మాటతో నన్ను పడగొట్టాడు.

ఆ సాయంత్రం అమ్మాయి ఇంటికి వెళ్ళి గొప్పగా చెప్పుకున్నాను. అమ్మాయి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను ఆపి నా వైపు తిరిగింది. "నాన్నా, నీ పంతం సంగతి నాకు తెలుసు. నువ్వు రాసింది ఈయన నడుముకి ఉంటుంది. అది గుర్తుపెట్టుకుని రాయి."

"మామయ్య మాట మీద నాకు నమ్మకమేనోయ్," అన్నాడు అల్లుడు లోపలి నుంచి. మంచి పిల్లాడు. నేను చెప్పిన ప్రతి మాటా నెత్తిన పెట్టుకుంటాడు. గార్డులందరిలో అతని రివాల్వరే అద్దంలా మెరుస్తుంది. కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా దాన్నే చూపించి, ఆయుధాన్ని ఇలా పెట్టుకోవాలి అని చెబుతాను.

పరీక్ష మూడు రోజులు నడిచింది. గోదాము వెనక ఇసుక బస్తాలు పేర్చిన ఆవరణలో ఒక్కో ఆయుధానికి నాలుగు వందల తూటాలు పేల్చాం. మొదట శుభ్రంగా ఉన్నప్పుడు, తర్వాత దుమ్ము చల్లి, ఆ తర్వాత గంటసేపు నీళ్ళ బకెట్లో ముంచి తీసి, చివరికి నడుమెత్తు నుంచి సిమెంటు మీద పడేసి. పిస్టళ్ళు మూడూ కలిసి పదకొండు సార్లు ఆగాయి. పేలిన తూటా ఖాళీ గొట్టం బయటికి ఎగరకుండా నిటారుగా ఇరుక్కునేది. చేతి పట్టు కాస్త వదులుగా ఉన్నా అలిగేవి. రివాల్వర్లు ఆగింది రెండే సార్లు. ఆగిన ప్రతిసారీ మేనేజరు ముఖం చూడటం నాకు పండగలా ఉంది.

నిజం చెప్పాలంటే ఇంకో సంగతి ఉంది. పిస్టలు ఆగిన పదకొండు సార్లూ రెండు మూడు సెకన్లలో సర్దుకుంది. రివాల్వరు ఆగిన రెండు సార్లలో ఒకసారి, కాలని మందు రేణువు చక్రం వెనక చేరి, చక్రం బిగుసుకుపోయింది. బల్ల మీద పెట్టి, బ్రష్షుతో గీకి నేను విడిపించేసరికి పావుగంట పట్టింది. ఆ సంగతి రిపోర్టులో రాశాను. కాకపోతే చిన్న అక్షరాల్లో రాశాను.

నాలుగో రోజు పొద్దున రిపోర్టు సిద్ధమైంది. సంతకం పెట్టబోతే చెయ్యి ఆగింది. ఎందుకో తెలియలేదు. లేచి నీళ్ళు తాగాను. కూర్చున్నాను. శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ తుడిచాను. కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట ఏమీ లేకపోయినా చూసి వచ్చాను. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాను. అంతా బాగానే ఉంది, గెలిచింది నేనే, మరి ఈ పీకులాట ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. పరీక్షకు పెట్టిన మూడు రివాల్వర్లూ నా అల్మరాలోవి, నేను తుడిచినవి. తూటాలు ఆ పొద్దునే సీలు విప్పిన డబ్బాలోవి. ఆ ఆలోచన ఒకసారి తల ఎత్తింది గానీ వెంటనే అణిచేశాను.

అప్పుడు అమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, మీ అల్లుడికి కాస్త గడ్డి పెట్టు. నా మిషను నూనె సీసా మళ్ళీ డ్యూటీకి పట్టుకుపోయాడు. నెలకో సీసా! అడిగితే మామయ్యే చెప్పారంటాడు."

నవ్వొచ్చింది. "చెప్పానమ్మా. ఆఫీసు నూనె జిడ్డుగా ఉంటుంది, మిషను నూనెలాంటి పల్చటిది మేలన్నాను. రోజూ రెండు చుక్కలు చాలన్నాను. రెండు చుక్కలకి నెలకో సీసా ఎలా అవుతుంది?"

"ఏం రెండు చుక్కలు? ఒక్కో రంధ్రానికి రెండట. ఆరింటికీ పన్నెండు. పొద్దున పన్నెండు, సాయంత్రం పన్నెండు. ఎంత శ్రద్ధగా చెప్పాడనుకున్నావు!"

"తూటాలు తీసి వేస్తాడా, ఉండగానే వేస్తాడా?"

"అది నాకేం తెలుస్తుంది నాన్నా? ఏమైంది?"

ఏమీ లేదని ఫోను పెట్టేశాను. జవాబు నాకు తెలుసు. మా దగ్గర తూటాలు బయటికి తీస్తే గేటు గుమాస్తా ముందు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. ఆ వరసలో నిలబడటం ఇష్టంలేక గార్డులెవరూ రోజూ తూటాలు తియ్యరు. మూడు నెలలకోసారి నా దగ్గరికి తనిఖీకి వచ్చేటప్పుడు తీస్తారు, అప్పుడు తూటాలు గుమాస్తా సంచిలో ఉంటాయి, నా బల్ల మీదికి ఖాళీ రివాల్వరే వస్తుంది. ఏడాదికోసారి చేసే సాధనలో కూడా డబ్బా విప్పిన కొత్త తూటాలే పేలుస్తారు. నడుముకు ఉండేవి అవే ఆరు, ఏళ్ళ తరబడి.

తూటా అడుగున చిన్న బిళ్ళ ఉంటుంది. నిప్పు పుట్టేది దాంట్లోనే. నీళ్ళలో గంటసేపు ముంచితే దానికి ఏమీ కాదు. కానీ పల్చటి నూనె రోజూ తగులుతుంటే మెల్లగా లోపలికి పాకి, ఆ మందును చంపేస్తుంది. పైకి తూటా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇది నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నుంచే తెలుసు. నూనె వెయ్యమని పద్నాలుగు మందికీ నేర్పాను. తూటాలు తీసి వెయ్యమని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాలా అనుకున్నాను.

అల్లుడు అప్పటికి మూడో బండిలో ఊరు దాటి ఉంటాడు. గార్డులు ఫోన్లు ఆఫీసు బీరువాలో పెట్టి వెళ్ళడం రూలు. రేడియో గదికి పరుగెత్తాను.

"మూడో బండిని వెనక్కి పిలువమ్మా," అన్నాను అక్కడి అమ్మాయితో.

"కారణం చెప్పండి మామా. ఊరికే పిలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

రేడియోలో ఏం చెప్పమంటాను? మా గార్డుల తుపాకులు పేలవేమో అనా? ఆ గాలిలో మాట ఎవరి చెవిన పడుతుందో ఎవరికి తెలుసు?

ఇంక మిగిలింది మేనేజరు గదే. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాను. మూడు రోజులు నేను వేసిన వెక్కిరింతలన్నీ గుర్తొచ్చాయి. లోపలికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పేశాను. దెప్పుతాడనుకున్నాను. అతను రిపోర్టు ఊసే ఎత్తలేదు. ఊళ్ళో ఉన్న బళ్ళను వెనక్కి పిలవమని రేడియో గదికి ఫోను చేశాడు. కారు తాళాలు తీసి, "కొత్త తూటాలు తెచ్చుకోండి. వాళ్ళు ఇప్పుడు ఎక్కడుంటారు?" అన్నాడు.

దారిలో ప్రతి ఎర్ర దీపం దగ్గరా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. "కానీండి సార్, కానీండి," అంటూనే ఉన్నాను. దీపం మారితే గదా అని అతను ఒక్కసారి కూడా అనలేదు.

బండి రెండో బ్యాంకు పక్క సందులో ఆగి ఉంది. పెట్టెలు దిగుతున్నాయి. అల్లుడు వెనక తలుపు దగ్గర ఛాతీ విరుచుకుని, చెయ్యి రివాల్వరు మీద వేసి నిలబడ్డాడు. ముఖంలో కొండంత ధైర్యం. అది చూసేసరికి నాకు ఏడుపొచ్చింది. పరుగెత్తాను. ఎవడో మీదికి వస్తున్నాడని అతను రివాల్వరు సగం తీసి, నన్ను గుర్తుపట్టి ఆగాడు.

"మామయ్యా! ఇలా పరుగెత్తుకొస్తారా? కాల్చేసేవాణ్ణి!"

"నువ్వు కాల్చలేవు నాయనా," అన్నాను.

బండి లోపల కూర్చుని చక్రం తెరిచాను. ఆరు తూటాలూ నా వేళ్ళలో జారాయి. అన్నిటికీ అడుగున నూనె తడి. కొత్తవి పెట్టి, అతని తోటి గార్డువి కూడా మార్చి, పాతవి జేబులో వేసుకున్నాను. అల్లుడు నా ముఖమే చూస్తున్నాడు గానీ ఏమీ అడగలేదు. డ్యూటీలో మాట్లాడకూడదని కూడా నేనే నేర్పాను.

ఆ మధ్యాహ్నం బళ్ళు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఇసుక బస్తాల ముందు నిలబడి, మొదట అల్లుడి పాత తూటాలు ఆరూ చక్రంలో పెట్టాను. అతను చెవులు మూసుకుని నిలబడ్డాడు. నొక్కాను. టిక్కుమంది. మళ్ళీ నొక్కాను. చక్రం ఎంతో చక్కగా తిరిగింది, సుత్తి ఎంతో చక్కగా పడింది, టిక్కుమంది. మూడోది పేలింది. నాలుగు, ఐదు, ఆరు టిక్కు, టిక్కు, టిక్కు. నేను ఇరవై రెండేళ్ళుగా పొగిడిన పని రివాల్వరు తు.చ. తప్పకుండా చేసింది.

అల్లుడు చెవుల మీంచి చేతులు తీశాడు. "రెండేళ్ళుగా దీంతోనే తిరిగానా మామయ్యా? మీరు చెప్పినట్టే చేశానే."

తప్పు పట్టి అన్న మాట కాదది. అర్థంకాక అన్నాడు. తప్పు పట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పద్నాలుగు మందివి ఎనభై నాలుగు తూటాలు. ముప్పై ఒకటి పేలలేదు. ఆరుకు ఆరూ పేలినవి ఇద్దరివే. అందులో ఒకడు, నూనె సీసా మూత ఎప్పుడూ తియ్యని బద్ధకస్తుడు. తుప్పు పట్టించావురా అని రోజూ నా చేత తిట్లు తినేవాడు. ఏం తప్పు చేశాడో తెలియక ఆ రోజు కూడా తల దించుకునే నిలబడ్డాడు.

"అయితే పిస్టలేనంటారా?" అన్నాడు మేనేజరు.

"దాంట్లో తూటాల అర ఊడి బయటికి వస్తుంది కాబట్టి, తూటాలకి నూనె తగలక కాస్త నయమేమో. అయినా మేం దాన్నీ ఇలాగే నూనెలో ముంచి చంపుతాం," అన్నాను రిపోర్టు చించుతూ. "పరీక్ష మళ్ళీ పెడదాం సార్. ఈసారి నా అల్మరాలోవి కాదు. వాళ్ళ నడుము నుంచి అప్పటికప్పుడు తీసినవి."

సాయంత్రం అమ్మాయి ఇంటి మెట్లెక్కుతుంటే అల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంట్లో చెప్పకండి మామయ్యా. రేపట్నుంచి పంపదు."

చెప్పాను. పొల్లుపోకుండా చెప్పాను. అమ్మాయి మిషను మీద చెయ్యి ఆనించి విన్నది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"మిగతా పదమూడు ఇళ్ళల్లో చెప్పావా?" అంది.

"గార్డులకి తెలుసు కదమ్మా."

"గార్డుల సంగతి కాదు. ఈయన నాకు చెప్పొద్దన్నట్టే వాళ్ళూ అనుకుంటారు. రోజూ తలుపు దగ్గర నిలబడి పంపేది మేము నాన్నా."

చెప్పులు వేసుకున్నాను. అల్లుడు కూడా లేచి నా వెనకే వచ్చాడు.

మొదటి ఇల్లు రెండు వీధుల అవతల. గార్డు భార్య తలుపు తీసింది. నన్ను చూడగానే ఆవిడ ముఖమంతా నవ్వయింది. లోపలికి తిరిగి, "చక్రం మామగారు వచ్చారు!" అని కేకేసింది. కుర్చీ లాగి, కొంగుతో దులిపింది. "రండి, కూర్చోండి. మీరు అన్నీ చూసి పంపుతారని ఈయన చెబుతుంటారు. ఆ ధైర్యంతోనే నేను పగలంతా నిశ్చింతగా పని చేసుకుంటాను."

కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను.