వాగు కాని గీత

మా మండలాన్ని రెండుగా విడదీస్తున్నారు. మధ్యలో వాగే హద్దు. పేర్ల మీద ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. ఇవతలిది తూర్పు మండలం, అవతలిది పడమటి మండలం. మ్యాపుల మీద సిరా గీతలు గీసే పని నాది. నాలుగు నెలలుగా గీస్తూనే ఉన్నాను.

అభ్యంతరాలకు ఆఖరి రోజున పెద్దమ్మ నాలుగోసారి వచ్చింది. ఆఫీసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

"తిట్టుకోకు అమ్మాయ్, మళ్ళీ వచ్చాను."

ఆమె రెండెకరాల చేను మ్యాపులో పడమటికి పోయింది. అక్కడి పుస్తకాల్లో ఆమె ఊసే లేదు. ఊసు లేని నేలను బంజరు కింద రాసేస్తారు. సర్వేయరు వెళ్ళింది మండుటెండల్లో. అసలు వాగు ఎండిపోయి, తుప్పలు కమ్మేసి ఉంది. చేలో నీళ్ళు పోవడానికి ఆమె భర్త చేను ఇవతలి గట్టు వెంట తవ్విన బోదెను చూసి అదే వాగనుకున్నాడు. అతను రాసుకొచ్చింది నేను గీశాను.

"వాగు కాదంటే ఎలా? అంగ వేసి దాటాల్సొచ్చింది కదా!" అన్నాడు పక్క బల్ల దగ్గరున్న సర్వేయరు.

"ఒక్క అంగలో దాటితే అది వాగెలా అవుతుంది నాయనా? మా ఆయన మూడు రోజుల్లో తవ్వాడు."

హెడ్డు గుమాస్తా కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "ఆ చేనుకో పేరు చెప్పు పెద్దమ్మా. పడమటి జాబితాలో ఎక్కిస్తాను. బంజరు కాకుండా ఉంటుంది."

"చేను అంటాం. పేరేముంది? రాళ్ళచేను అని రాయి."

"రాళ్ళచేలు ఇప్పటికే పదకొండున్నాయి."

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "పేరు పెడితే అటు పోయిందని ఒప్పుకున్నట్టే కదా?"

మ్యాపు గీసినవాళ్ళే తప్పని రాసిస్తే మళ్ళీ కొలవాలని రూలుంది. ఇంతవరకూ ఎవరూ రాయలేదు. నేను అభ్యంతరాల పుస్తకం ముందుకు లాక్కుని, "ఇక్కడ గీసింది వాగు కాదు, చేని బోదె" అని రాసి సంతకం పెట్టాను.

"బుద్ధుందా నీకు?" అన్నాడు హెడ్డు. "ఆ గీత జరిగితే ఆరు షీట్లు మొదటినుంచీ గీయాలి. ఎవరు గీస్తారు?"

"నేనేనండి."

పెద్దమ్మకు సగమే అర్థమైంది. "అయితే ఐదోసారి కూడా రావాలా?"

"కొలిచే రోజున మీరు చేలోనే ఉండండి. మేమే వస్తాం."

ఆమె మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. నేను బీరువాలోంచి మొదటి షీటు తీశాను.