చేతికి ఏడు బిళ్ళలు

మా తమ్ముడు డెల్ఫిన్‌కు అంకెలు రావు. చుక్కలు వచ్చు.

చిన్నప్పుడు జ్వరం తలకెక్కింది. దిగేటప్పుడు వాడిలో సగం తీసుకుపోయింది. బడిలో కూర్చోబెట్టినా పలక మీద ఒక గీత నిలవలేదు. కానీ డామినో బల్ల దగ్గర నిలబెడితే, పడిన బిళ్ళలు చూసి ఎవరి చేతిలో ఏం మిగిలిందో చెప్పేవాడు. మా ఊరు గ్వామల్‌లో పిరిన్ కొట్టు ముందు రేకుల చూరు కింద ఆ బల్ల ఎప్పుడూ ఉంటుంది. కోకో తోటల్లోంచి వచ్చినవాళ్ళు కత్తులు గోడకు ఆనించి కూర్చుంటారు. నలుగురు మనుషులు, చేతికి ఏడు బిళ్ళలు. వేసే బిళ్ళ లేనివాడు వేళ్ళ కణుపులతో బల్ల మీద కొట్టి ఊరుకోవాలి. అంతకు మించి మాట ఉండకూడదు. డెల్ఫిన్‌కు నచ్చింది అదే అనుకుంటాను.

వాడికి ఇంకో అలవాటు ఉంది. ఏ ఊళ్ళో పునీతుల జాతర డప్పు వినబడినా చేస్తున్న పని అక్కడే వదిలి వ్యానెక్కేస్తాడు. జాతర అయిపోతుంది, వాడు అక్కడే ఉండిపోతాడు. ఆకలేస్తే అడగడు. ఎవరైనా పెడితే తింటాడు, లేకపోతే లేదు. ఒకసారి పిమెంతెల్ దగ్గర వడ్లమిల్లు వెనక దొరికాడు. అప్పుడు మోటారు సైకిల్ మీద నా వీపుకు కట్టుకుని తెచ్చాను. బరువే లేడు.

ఫోను పెట్టించింది అందుకే. మా పెద్దక్క కసీల్డా పెట్టించింది. అమ్మ పోయాక వాడిని పెంచింది ఆమే. మా నంబరులో అంకెలు ఏడు. అక్క వంటింటి బల్ల మీద ఒక్కో అంకెకు ఒక్కో బిళ్ళ పెట్టింది. బిళ్ళ మీద రెండు వైపుల చుక్కలు కలిపితే అంకె. అయిదుకు మూడూ రెండూ. ఏడుకు ఆరూ ఒకటీ. నంబరులో ఒక సున్న ఉంది, దానికి ఒక్క చుక్కైనా లేని బోడిబిళ్ళ. ఫోను మీద మీటలు వరుసగా ఉంటాయి కదా, ఎన్ని చుక్కలుంటే అన్నో మీట. బోడిది మాత్రం అడుగున మధ్యలో.

మధ్యాహ్నానికి వచ్చేసింది వాడికి. ఏడు బిళ్ళల చేయి ఒక్కసారి చూస్తే ఎవడు మరిచిపోతాడు?

అప్పటినుంచి ఏ ఊరి కొట్టులోనుంచైనా ఫోను చేసేవాడు. చేసేటప్పుడు కొట్టువాడికి వీపు తిప్పి, అరచేయి అడ్డం పెట్టి నొక్కేవాడు. తన చేతిలో ఏముందో ఎదుటివాడికి చూపించే ఆటగాడు ఉండడు. అక్క ఎత్తగానే ఒకటే మాట. "అక్కా, ఏడూ వేసేశా. కాఫీ కాచావా?" అక్క కాచానని చెప్పి, ఫోను కొట్టువాడికి ఇమ్మని, ఊరు కనుక్కునేది. నేను వెళ్ళి తెచ్చేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

నంబర్లు అయిపోయాయని, రాజధానినుంచి కొత్త కోడు వస్తోందని రేడియో చెప్పడం మొదలుపెట్టిన ఏడాది, మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఇకమీదట పక్క ఊరికైనా ముందు మూడంకెలు కలిపి పది నొక్కాలట. కొత్త ఫోన్లకు కొత్తది, మాకు పాత కోడే, ఎనిమిది సున్న తొమ్మిది. పక్కింటికి కూడానా అని పిరిన్ కొట్టు దగ్గర ముసలి ఒవిదియో అడిగాడు. పక్కింటికైతే కేకెయ్యి తాతా, దానికి ఏడు కూడా అక్కర్లేదు అన్నాడు పిరిన్. కంపెనీవాళ్ళు మనకు పది వేళ్ళున్నాయని ఇప్పుడే చూసినట్టున్నారు అని కూడా అన్నాడు. అందరూ నవ్వారు. కొన్ని నెలలు రెండు రకాలుగానూ ఫోను కలుస్తుందని, ఆ తరువాత ఏడంకెలతో కలవదని చెప్పారు. అక్కడ నవ్వనిది మా అక్క ఒక్కతే. కిరసనాయిలు సీసా పట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు డెల్ఫిన్ ఇంట్లోనే ఉన్నాడు. అక్క ఆ సాయంత్రమే బిళ్ళల పెట్టె తీసింది.

ఏడు బిళ్ళలూ పేర్చింది. వాటికి ముందు ఇంకో మూడు పెట్టబోయింది. డెల్ఫిన్ ఆమె చేయి పట్టుకున్నాడు.

"చేతికి ఏడే అక్కా."

"ఇప్పుడు పదిరా. మార్చారు."

"పది తీసుకున్నోణ్ణి బల్లమీంచి లేపేస్తారు."

ఆమె తగ్గింది. ఈ మూడూ నీవి కావు నాయనా, ముందే బల్ల మీద పడి ఉన్నాయి, వాటి తరువాత నీ ఏడు నువ్వు వెయ్యి అంది. నాకైతే అది మంచి ఉపాయమే అనిపించింది. డెల్ఫిన్ కూడా కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఎనిమిదికి ఆరూ రెండూ పెట్టింది. తరువాత సున్న. పెట్టెలో వెతికి ఆగిపోయింది. పెట్టెకు ఒకటే బోడిబిళ్ళ ఉంటుంది. అది అప్పటికే వాడి ఏడింటిలో ఉంది.

"నాది నా చేతిలో ఉంటే ఇంకోటి బల్ల మీదెట్లా వచ్చింది?" అన్నాడు. అరవలేదు. మా అక్క దొంగాట ఆడుతుందని వాడికి ఆ రోజే తెలిసినట్టు చూశాడు.

మర్నాడు అక్క పిరిన్ దగ్గరికి వెళ్ళి అతని పెట్టెలో బోడిబిళ్ళ అడిగి తెచ్చింది. బల్ల మీద పెట్టింది. డెల్ఫిన్ చాలాసేపు చూశాడు. ఎనిమిది బిళ్ళ పక్కన బోడిది కూర్చోదు అన్నాడు. అదీ నిజమే. చేతిలో ఎలా ఉన్నా, బల్ల మీద ఏ బిళ్ళ పక్కన ఏది పడాలన్నా తాకే వైపుల చుక్కలు ఒకటి కావాలి. బోడి వైపు ఉన్న బిళ్ళలో రెండోవైపు ఎన్ని పెట్టినా ఆరుకు మించదు, ఎనిమిది ఎక్కడినుంచి వస్తుంది? వాడు లేచి వెళ్ళాక నేనొక్కణ్ణీ కూర్చుని తిప్పి తిప్పి చూశాను. పెట్టెలో ఉన్న బిళ్ళలతో ఆ కోడు పేర్చడం ఎవరి తరమూ కాదు.

కాగితం రాసి జేబులో పెట్టాం. నమిలి ఉమ్మేశాడు. చొక్కా లోపల దారంతో కుట్టింది అక్క. ఆ చొక్కా వాగు దగ్గర ఎవరికో ఇచ్చి ఒట్టి ఒంటితో వచ్చాడు. బిళ్ళలు వద్దురా, నా వేలు చూడు, ఇక్కడా ఇక్కడా ఇక్కడా నొక్కు, అంతే అని నేను ఫోను ముందు కూర్చోబెట్టాను. చూశాడు. ఆ మూడు మీటలూ నొక్కి ఫోను నా చేతికిచ్చాడు, నా వంతు అయిపోయింది నీది వెయ్యి అన్నట్టు.

సెప్టెంబరులో మెర్సెదెస్ మాత జాతర వచ్చింది. నేను ఆ వారమంతా వాణ్ణి నాతోనే తోటకు తీసుకుపోయాను. నేను కాయలు కోస్తే వాడు పగలగొట్టాలి. మూడోనాడు యేటి అవతలినుంచి డప్పు వినబడింది. నేను చెట్టు దిగేసరికి పగిలిన కాయలు ఒకవైపు, పగలనివి ఒకవైపు, కత్తి మధ్యలో ఉన్నాయి. ఇంటికి వచ్చి చూస్తే అక్క పెట్టెలో బోడిబిళ్ళ లేదు. పిరిన్‌ది అక్కడే ఉంది. మాది తీసుకుపోయాడు.

నేర్చుకుందామనే తీసుకుపోయి ఉంటాడు అంది అక్క. నాకలా అనిపించలేదు. మళ్ళీ ఎవరూ దాన్ని రెండు చేయకుండా దాచుకున్నాడనిపించింది. ఆమెతో అనలేదు.

ఏడంకెలు ఇంకా కలుస్తున్న రోజుల్లోనే ఒకసారి ఫోను వచ్చింది. అక్క ఊరు కనుక్కుంది. యూనా నది ఒడ్డున విల్యా రివా దగ్గర కొట్టు. వాణ్ణి అక్కడే కూర్చోబెట్టమని కొట్టువాడిని బతిమాలింది. నేను అప్పుడే బయలుదేరాను. అంతకు ముందే మూడు రోజులుగా వాన. నది రోడ్డెక్కింది. అరటితోటలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. సైన్యంవాళ్ళు తాడు కట్టి ఎవరినీ పోనివ్వలేదు. నీళ్ళు తగ్గాక నేను చేరేసరికి ఆ కొట్టు తలుపు మీద బురద గీత నా ఛాతీ ఎత్తున ఉంది. కొట్టువాడు బియ్యం బస్తాలు ఎండలో పరుచుకుంటున్నాడు. అందర్నీ లారీల్లో ఎక్కించారని, ఏ లారీ ఎటు పోయిందో తెలియదని చెప్పాడు.

ఆ వారమే ఏడంకెలు ఆగిపోయాయి.

అక్క ఇంట్లోంచి కదలడం మానేసింది. కోకో గింజలు ఆరబోసే బల్లలు కిటికీ కిందికి జరిపించుకుంది, ఫోను మోగితే వినబడాలని. ఒకరోజు మాత్రం నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టి, పిరిన్ కొట్టుకు వెళ్ళి అక్కడినుంచి మా ఇంటికే ఏడు నొక్కి చూసింది. మా ఫోను మోగలేదు. ఆమె తిరిగివచ్చి చెంబులో నీళ్ళు తాగి కూర్చుంది. ఎవరో ఆడమనిషి మాట్లాడుతోందని చెప్పింది.

"ఏమంటుంది?" అన్నాను.

"ముందు కోడు వెయ్యండి అంటుంది. మర్యాదగా చెప్తుందిరా సెల్మో. అదే నా భయం. వాడు మర్యాదగా చెప్పినోళ్ళకి ఎదురు చెప్పడు."

నేను పట్నంలో ఫోను ఆఫీసుకు వెళ్ళాను. వరుసలో నిలబడితే నా వంతు వచ్చింది. బల్ల వెనక అమ్మాయి మంచిదే, నేను చెప్పిందంతా వింది. మా ఒక్క ఇంటికి పాత ఏడు ఉంచితే మీకేం పోతుంది అని అడిగాను. అలా ఒక్కరికి ఉంచడం యంత్రంలో కుదరదంది. పోనీ ఆ మాట్లాడే ఆవిడకు చెప్పండి, డెల్ఫిన్ అనేవాడు చేస్తే కాసేపు ఉండమనమని అన్నాను. అది టేపు మీద ఎక్కించిన గొంతని, అవతల మనిషి లేదని నెమ్మదిగా చెప్పింది. నాకూ తెలుసు. తెలిసే అడిగాను. మీ తమ్ముడి నంబరు ఇవ్వండి, మేమే కబురు పంపుతాం అంది. వెనక నిలబడినవాడు నా భుజం మీద తట్టాడు, జరగమని.

ఆ తరువాత తోట పని పక్కవాళ్ళ మీద పడేసి ఊళ్ళు తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ముందు డామినో బల్ల దగ్గరే ఆగేవాణ్ణి. ఎక్కువ మాట్లాడనివాడు, మంచి ఆట, తెల్లారినా లేవడు అని చెప్తే కొందరికి గుర్తొచ్చేది. మొన్నటిదాకా ఉన్నాడనేవారు. ఎప్పుడూ మొన్నటిదాకానే.

నవంబరు నడుమ ఆరేనోసో దాటాక వరిపొలాల మధ్య మూడు దార్లు కలిసేచోట ఒక కొట్టు దగ్గర ఆగాను. యజమానురాలు ఇసౌరా అనే లావుపాటి మనిషి. నేను వాడి సంగతి మొదలుపెట్టగానే సలామీ మాంసం కోస్తున్న కత్తి కింద పెట్టింది.

"నువ్వు వాడి అన్నవా? మొహం చూస్తే తెలుస్తానే ఉంది. ఇంత ఆలస్యంగానా రావడం?"

చెప్పుకొచ్చింది. మనిషి చిక్కి ఉన్నాడట. అన్నం, చిక్కుళ్ళు పెడితే సగం తిన్నాడట. ఫోను చూపించాడట. వీపు తిప్పి, చేయి అడ్డం పెట్టుకుని నొక్కాడు. విన్నాడు. వేళ్ళ కణుపులతో గల్లా బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. ఫోను పెట్టేశాడు. కాసేపుండి మళ్ళీ అదే. నొక్కడం, వినడం, కొట్టడం.

"ఏ నంబరయ్యా, నేను కలుపుతా ఇటివ్వు అన్నాను. ఇస్తేగా? నేనేదో చేతిలో బిళ్ళలు చూపించమన్నట్టు చూశాడు. మా ఆయన నవ్వాడు కూడా, వీడు ఫోనుతో డామినో ఆడుతున్నాడే అని. తప్పేనయ్యా, నవ్వకుండా ఉండాల్సింది."

అలా ఎన్నోసార్లు చేసి చివరికి "బిగుసుకుపోయింది" అన్నాడట. అంటే ఆట. ఎవరూ ఏమీ వేయలేని స్థితికి వస్తే ఆ మాటే అంటారు. అప్పుడు అందరూ చేతిలో మిగిలిన బిళ్ళలు వెల్లకిలా తిప్పి చుక్కలు లెక్కపెట్టుకుంటారు. ఇసౌరా గల్లా పెట్టె వెనకనుంచి తీసి ఇచ్చింది, మా బోడిబిళ్ళ. మూలన చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, అదే. దాన్ని బల్ల మీద వెల్లకిలా తిప్పి పెట్టి, టోపీ తీసుకుని, నాగువా వైపు దారిలో నడిచి పోయాడంది. వాడొస్తే ఇద్దామని దాచిందట.

నాగువా దాకా వెళ్ళాను. సముద్రం వచ్చింది. ఆసుపత్రిలో అడిగాను, పోలీసులను అడిగాను, చర్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళను అడిగాను. చేపల పడవలవాళ్ళ డామినో బల్ల దగ్గర ఒక పూటంతా నిలబడ్డాను. ఎవరూ చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క గింజలు తిరగేస్తోంది. మోటారు సైకిల్ మీద నా వెనక సీటు వైపు చూసింది, తరువాత నన్ను చూసింది. నేను లోపలికి వెళ్ళి బిళ్ళ వంటింటి బల్ల మీద పెట్టాను. ఆమె చేతులు గౌనుకు తుడుచుకుంటూ వచ్చింది. ఇసౌరా చెప్పినదంతా చెప్పాను, నవ్విన సంగతి తప్ప.

"బోర్లా పెట్టి పోయాడా, వెల్లకిలానా?" అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. బోర్లా అంటే ఇంకా ఆట ఉందని.

"వెల్లకిలా," అన్నాను.

ఆమె తల ఊపింది. ఆట బిగుసుకుపోయినప్పుడు తక్కువ చుక్కలున్నవాడిదే గెలుపు. బోడిబిళ్ళ ఒక్కటే మిగిలినవాడికి ఒక్క చుక్క కూడా ఉండదు. వాడి లెక్కలో వాడు గెలిచే లేచి ఉంటాడు. ఇంటికి రావాలని ఇంకా ఎందుకనుకుంటాడు?

అక్క బిళ్ళను పెట్టెలో వేసి మూత జరిపింది. కాఫీ కాచింది. ఇద్దరం తాగాం.

ఇప్పుడు ఊళ్ళో అందరూ పది నొక్కుతారు. చిన్నపిల్లలు కూడా ముందు కోడు చెప్పే నంబరు చెప్తారు, అది ఎప్పుడూ అలాగే ఉన్నట్టు. మా ఫోను కూడా మోగుతుంది. మోగినప్పుడల్లా అక్క ఎవరని అడగదు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, "కాచానురా, ఎక్కడున్నావు?" అంటుంది. అవతలినుంచి కోకో కొనేవాడు, గింజలు ఆరాయా అని అడుగుతాడు. ఆరలేదు, ఈ వానల్లో ఎక్కడ ఆరతాయి అని చెప్పి పెట్టేస్తుంది.