పొయ్యి పైన వెంకన్న

నాగేశ్వరికి నిలబడి వండుకోవాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. కలకత్తాలో వాట్‌గంజ్ రేవు పక్కన ఆ రెండు గదుల ఇంటికి కాపరానికి వచ్చిన రోజు నుంచీ ఆవిడ నేల మీద గొంతుక్కూర్చునే వండింది. ఇప్పుడు లేవబోతే మోకాళ్ళు పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి. వీధిలో ఒక్కొక్కరే వంటింటి ఎర్ర సిమెంటు గచ్చులు తవ్వించి, నిలబడి వండే గట్లు కట్టించి, గ్యాసు పెట్టుకుంటుంటే చూసి చూసి, డాకులో క్రేను నడిపే ఆవిడ మొగుడు పట్టాభి చివరికి, "సరేలేవే, మనమూ కట్టించీద్దాం" అన్నాడు.

గట్టు మీద వేసే రాయి దగ్గర మాత్రం నాగేశ్వరి ఎవరి మాటా వినలేదు. కొట్టువాడు తెల్ల పాలరాయి చూపించి, ఇప్పుడు బాలీగంజ్ డబ్బున్నవాళ్ళు అందరూ ఇదే వేయిస్తున్నారన్నాడు.

"పసుపు పడితే?"

"తుడిస్తే పోతుంది బౌదీ," అన్నాడు వదిన వరస కలిపి.

"చింతపండు పులుసు పడితే?"

కొట్టువాడు తల గోక్కున్నాడు. చింతపండు పులుసు గురించి ఆ బెంగాలీ బిడ్డని అంతవరకూ ఎవరూ నిలదీయలేదు. నాగేశ్వరి నల్ల కడప రాయి తీసుకుంది. కడప ఎటుందో శ్రీకాకుళం మనిషి ఆవిడకి తెలియదు. తెలుగు రాయి, మరక కనపడదు, వేడి గిన్నె దించినా మాట్లాడదు, అది చాలు. గట్టు ఎత్తు తన నడుముకి సరిపోయేలా కట్టించింది. గోడకి మచ్చలేని తెల్ల పింగాణీ పలకలు చాలంది. అంతవరకూ అన్నీ ఆవిడ చెప్పినట్టే జరిగాయి.

పలకలు తక్కువపడ్డాయని పట్టాభిని కొట్టుకి పంపడమే పొరపాటు. అక్కడ ఒక మూల, దేవుళ్ళ బొమ్మలు అచ్చేసిన పలకలు గోడకి ఆనించి ఉన్నాయి. శివుడు, కాళీమాత, ఒక సిలువ, ఆ పక్కనే పెద్ద నామాలతో, బంగారు అంచుతో వేంకటేశ్వరస్వామి. ఇళ్ళ బయటి గోడలకి వేయించడానికి జనం తెగ కొంటారని కొట్టువాడు చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. సాయంత్రాలు గోడవైపు తిరిగి నిలబడే మగవాళ్ళు, దేవుణ్ణి చూసి సిగ్గుపడి పక్కింటి గోడకి పోతారట.

పట్టాభి ప్రాణం గిలగిలలాడింది. కొండ మీద ఉండవలసిన స్వామికి కలకత్తాలో ఉచ్చల కాపలా ఉద్యోగమా! అప్పటికప్పుడు కొని, గుండెలకి హత్తుకుని ఇంటికి తెచ్చి, గ్యాసు పొయ్యికి సరిగ్గా పైన అతికించమన్నాడు. "ఇక్కడేనా దాదా?" అని పలకలు వేస్తున్న మొఫిజుల్ మేస్త్రీ రెండుసార్లు అడిగాడు కూడా. సిమెంటు పెట్టి అతికించాక పట్టాభి ఊరుకున్నాడా? స్నానం చేసి వచ్చి, స్వామికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చాడు. హారతికి ముందు అది పలక. తరవాత దేవుడు.

బజారునుంచి వచ్చిన నాగేశ్వరి గుమ్మంలోనే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. చేతికి సంచీ వేలాడుతోంది. సంచీలోంచి చేప తోక బయటికి చూస్తోంది.

"మావా," అంది మెల్లిగా. "స్వామి ఎదర సేపలెలాగ ఏపీది?"

పట్టాభి నోరు తెరిచాడు. ఆ సంగతి ఆయనకి తట్టనే లేదు. ఆ ఇంట్లో శనివారం ఒక్కటే నీచు తగలదు. ఇప్పుడు స్వామి గోడ మీద ఉన్నంతకాలం వారంలో ఏడూ శనివారాలే.

"మానేస్తే పోలా?" అన్నాడు.

"నువ్వు మానీ. నిన్న రెండోపాలి పులుసు ఎయ్యమన్నదెవలు?"

నాగేశ్వరి కిరసనాయిలు స్టవ్వు వరండాలో పెట్టుకుని మళ్ళీ గొంతుక్కూర్చుంది. కొత్త వంటింట్లో పప్పూ చారూ ఉడికేవి. చేపలన్నీ వరండాలోనే. మోకాళ్ళు ముందుకంటే ఎక్కువ అరిచాయి.

పరదా కడదామన్నాడు పట్టాభి.

"పొయ్యి మీద గుడ్డా? ఇల్లు తగలెడతావేటి? అయినా గుడ్డకి అవతల ఏటున్నాదో తెలీనోడు దేవుడేటి మావా? ఇన్నాళ్ళూ మనం తిన్నది ఆయన సూడలేదంటావా?"

పలక ఊడదీయిద్దామని పట్టాభి మొఫిజుల్‌ని పిలిపించాడు.

"ఉలి పెట్టకుండా రాదు దాదా," అన్నాడు మొఫిజుల్. "పెడితే ముక్కలే. మీ దేవుడి మొహం మీద సాయిబుని నేను ఉలి పెట్టానని తెలిస్తే, రేపు ఈ వీధిలో నాకు నీళ్ళు పుడతాయా?"

నిజమే. ఇక మిగిలింది వీధి చివర పార్టీ ఆఫీసులో కూర్చునే నిఖిల్‌దా. కుళాయి తగాదా దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళాల తగాదా దాకా అన్నీ తీర్చేది ఆయనే. దేవుడు లేడని మైకులో చెప్పే మనిషి. ఆయన వచ్చి, కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"మట్టి. దాని మీద రంగు. బట్టీలో కాల్చారు. అంతే పట్టాభీ, ఇంకేమీ లేదు."

"అయితే మీరే తీసీండి దాదా," అని నాగేశ్వరి సుత్తి అందించింది.

నిఖిల్‌దా సుత్తి పుచ్చుకున్నాడు. స్వామివంక చూశాడు. సుత్తిని కడప రాయి మీద మెల్లిగా పెట్టాడు.

"నాకైతే ఏ నమ్మకమూ లేదు బౌదీ. కానీ ఇంట్లో మా అమ్మ ఉంది."

టీ తాగి వెళ్ళిపోయాడు. వెళ్తూ చెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు. చెమట తుడుచుకున్నాడనే ఇద్దరూ అనుకున్నారు.

ఆషాఢం వచ్చింది. ఆ ఏడాది మొదటి ఇలిష్, అంటే మన పులస చేప, పట్టాభి తనే ఎంచి తెచ్చాడు. నాగేశ్వరి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, వరండాలో నూనె కాచింది. నూనె కాగే వేళకి రేవు వైపునుంచి ఏటవాలుగా వాన కొట్టింది. స్టవ్వు బుస్సుమని ఆరిపోయింది. గబుక్కున లేవబోయి ఆవిడ తడి గచ్చు మీద జారింది. గోడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

"దెబ్బ తగిలిందేటే? పోనీ, రేపు ఏపుకుందాంలే," అన్నాడు పట్టాభి.

నాగేశ్వరి ముక్కల పళ్ళెం ఒక చేత్తో, మూకుడు ఒక చేత్తో పట్టుకుని, తిన్నగా కొత్త వంటింట్లోకి వెళ్ళింది. గ్యాసు వెలిగించింది. మూకుడు పెట్టి, తలెత్తి స్వామిని చూసింది.

"సూడు సామీ. సేపలట్టుకుని నీ కొండకి నానెప్పుడూ రానేదు. నువ్వే మా వొంటింట్లోకొచ్చినావు. సుట్టం ఇంటికొచ్చినోడు ఆ ఇంటోలు తిన్నదే సూస్తాడు. నీకిట్టం నేకపోతే ఇప్పుడే ఈ మంట ఆర్పీ. సేపలు నాను తీసుకుపోతాను."

చేతులు కట్టుకుని నిలబడింది. ఊరికే అన్న మాట కాదు, నిజంగానే కనిపెట్టుకుని చూసింది. తలుపు చాటునుంచి పట్టాభి కూడా తొంగి చూశాడు. మంట నీలంగా, నిలకడగా మండింది.

ముక్క వేసింది. చుయ్యిమంది. ఒక నూనె చుక్క ఎగిరి స్వామి బుగ్గ మీద పడింది.

"ఓలమ్మో!" అన్నాడు పట్టాభి.

నాగేశ్వరి పైట కొంగుతో, పిల్లాడి మూతి తుడిచినట్టు ఆ బుగ్గ తుడిచింది. నడుం వంచలేదు, మోకాలు మడవలేదు. పట్టాభి ఒక్కో అడుగే వేస్తూ లోపలికి వచ్చాడు.

"ఏటంటున్నాడే?"

"ఏటంటాడు? రెండో పక్క కూడా ఏగనీమన్నాడు," అని ఆవిడ ముక్క తిరగేసింది.