పట్టీ మీద గీత

పాప గుడ్డ మార్చేటప్పుడు కాళ్లు పట్టి పైకెత్తకూడదు. కింద చెయ్యి పెట్టి నడుము లేపాలి. ముగ్గురు పిల్లల్ని పెంచిన చేతులకు అరవై తొమ్మిదో ఏట ఇదో కొత్త పాఠం. తుంటి దగ్గర ఎముక గుంటలో సరిగ్గా కూర్చోలేదని నెలన్నర వయసులో పాపకు పట్టీలు వేశారు. అవి భుజాల మీంచి దిగి, రెండు కాళ్లనూ కప్పలా మడిచి ఎడంగా పట్టి ఉంచుతాయి. ఎంతవరకు బిగించాలో డాక్టరమ్మ నీలం పెన్నుతో గీత గీసింది. స్నానానికి కూడా విప్పకూడదు.

ఇవన్నీ కోడలే చూసుకునేది. తడిబట్టతో తుడవడం, మోకాళ్ల మడతల్లో ఒరిసిపోకుండా ఆరబెట్టడం, మధ్యలో చెవికి ఫోను ఆనించుకుని ఆఫీసువాళ్లకు జవాబులు చెప్పడం. మా అబ్బాయి సాయంత్రం వచ్చి, బయట వాన పడిందా అన్నట్టు, ఇవాళ ఏడ్చిందా అని అడిగేవాడు.

మధ్యాహ్నం కోడలు తలుపు వేసుకుని మీటింగులో కూర్చునే గంటసేపు పాప నా దగ్గర ఉండేది. ఏడుపు తట్టుకోలేక ఒకరోజు ఎడమకాలి పట్టీ రెండు వేళ్ల మేర వదులు చేశాను. కాలు చాపుకుని హాయిగా నిద్రపోయింది. మర్నాడూ అంతే. మీటింగు అయ్యేలోగా మళ్లీ గీత దగ్గరకు తెచ్చి అతికించేసేదాన్ని.

తెలియక కాదు. నాదీ ఎడమ కాలే. చిన్నప్పుడు నాకు కట్టిన బద్దల్ని, పసిదాన్ని ఎందుకు హింసపెట్టడమని మా అమ్మ విప్పేసిందట. ఆ జాలిని నేటికీ ఈడ్చుకుంటూ నడుస్తున్నాను. మా ఆయన ఎప్పుడూ పది అడుగులు ముందుండేవారు. "నువ్వు నెమ్మదిగా రా" అనేవారు. వినేవాళ్లకు ఎంత ప్రేమో అనిపించేది. రైలు దగ్గరైనా, ఆస్పత్రిలోనైనా, నేను చేరేసరికి ఎవరో ఒకరు వెళ్లిపోయి ఉండేవారు. చివరికి ఆయన కూడా.

ఆరు వారాలకు స్కాను తీశారు. ఎడమవైపు ఎముక ఇంకా కుదురుకోలేదు. డాక్టరమ్మ పట్టీని వేలితో తడిమింది. గీతకు అవతల ఇంకో మడత ముద్ర పడి ఉంది. ఎవరో వదులు చేస్తున్నారంది. మరో మూడు వారాలు చూస్తుందట. అప్పటికీ కుదరకపోతే మత్తిచ్చి నడుము దగ్గర్నుంచి పిండికట్టు వెయ్యాలట.

మా అబ్బాయి భార్య వైపు తిరిగాడు. "ఆ ఫోను పక్కన పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను? ఒక్క పిల్లని చూసుకోలేవా?"

"తొందరలో నేనే సరిగ్గా అతికించలేదేమో" అంది కోడలు, తన చేతుల వంక చూసుకుంటూ.

చెబితే పాపను మళ్లీ నా ఒళ్లో పెట్టరు. మా పెద్దబ్బాయి ఇంటికి నన్ను పంపేస్తారు. ఇంకో ఎడబాటు ఈ వయసులో నా వల్ల కాదు.

"నేనే విప్పాను. రోజూ" అన్నాను.

కోడలు నన్ను చూసిన చూపు నాకు దక్కాల్సిందే. మా అబ్బాయి మాత్రం ఇట్టే చల్లబడ్డాడు. "పోన్లేమ్మా, ముద్దుకొద్దీ చేశావు. ఏమవుతుందిలే."

అక్కడ తగిలింది నాకు. ఒకటే తప్పు. పెళ్లాం చేస్తే నిర్లక్ష్యం, తల్లి చేస్తే ముద్దు. ఎలా చూసినా అందులో తన పని మాత్రం లేదు.

"నా నడక చూస్తూ పెరిగినవాడివి, ఏమవుతుందని అంటున్నావా?" డాక్టరమ్మ పక్కనున్న నర్సు వైపు తిరిగాను. "నర్సమ్మా, పట్టీలు కట్టడం వీడికి నేర్పు."

"నాకేం తెలుసమ్మా ఇవన్నీ?"

"నీ పెళ్లానికీ తెలియదురా. నేర్చుకుంది. కూర్చో."

కూర్చున్నాడు. మూడుసార్లు తప్పు కట్టి, నాలుగోసారి గీత మీదికి తెచ్చాడు.

బయటకు వస్తుంటే కోడలు నా వైపు చూడకుండానే అంది: "రేపు ఏడిస్తే విప్పకండి అత్తయ్యా. తలుపు కొట్టండి. మీటింగు ఆగుతుంది."

రేపు అంది. నాకు అది చాలు.

మా అబ్బాయి పాపను ఎత్తుకుని వసారాలో అప్పుడే పది అడుగులు ముందుకు వెళ్లిపోయాడు.

"ఆగు" అన్నాను. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు. "నేను వచ్చేదాకా ఆగు."