గాబ్రియేలు చెవులు

తప్పు చేయడం ఒక ఎత్తు, దాన్ని ఇంకొకడి నెత్తిన రుద్దడం ఇంకో ఎత్తు. ఓర్వకల్లు రంగనాథ్ రెండూ చేశాడు. చేసి, నెల రోజులుగా అన్నం సయించక తిరుగుతున్నాడు. సయించకపోతే మానె, ఎవరేం చేస్తారు?

వాళ్ల నాయన నాటి పెట్రోలు అంబాసిడర్ ఒకటి ఇంట్లో ఉంది. కర్నూలులో షెడ్డు నడిపే గాబ్రియేలు ముప్పయ్యేళ్లుగా దాని వైద్యుడు. స్పార్క్ పడే టైమింగును మీటరుతో పనిలేకుండా చెవితోనే సరిచేస్తాడు. ఇంజను ఆడుతుండగా స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటరును చేత్తో పట్టుకుని, ఇంజను గొంతు పెరిగేదాకా తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి తెచ్చి బిగిస్తాడు. రంగనాథ్ తమ్ముడి కూతురి పెళ్లికి ముందు కూడా అట్లాగే బిగించాడు.

"ముసిలి బండప్పా, మిట్ట మింద నిదానంగానే ఎక్కుతాది. ఇంకా లాగల్లని ఆశపడొద్దు" అని చెప్పి మరీ పంపాడు.

రంగనాథ్ ఆశపడ్డాడు. ఫోనులో ఏదో వీడియో చూసి, ఎవరికీ చెప్పకుండా తనే బోల్టు వదులుచేసి డిస్ట్రిబ్యూటరును తిప్పాడు. ఎటు తిప్పాలో అటు కాక ఇటు తిప్పాడు. స్పార్క్ ఆలస్యమై, పెళ్లినాడు పెళ్లికూతురితో సహా బండి మిట్ట మధ్యలో ఆయాసపడి నిలిచిపోయింది. పట్టుపంచెల బంధువులు దిగి తోశారు. వియ్యంకుడు నవ్వాడు. ఆ నవ్వుకు తట్టుకోలేక రంగనాథ్ అందరి ముందూ అనేశాడు.

"గాబ్రియేలుకు చెవులు పోయినాయి. టైమింగు యాడ పెట్టినాడో వానికే తెలీదు."

రెండు వందల మంది విన్నారు. అందులో సగం మంది బండ్లున్నవాళ్లే.

ఈ రోజు రంగనాథ్ కారు తీసుకుని వస్తే, షెడ్డులో ఇంకొక్క బండి లేదు. గాబ్రియేలు స్టూలు జరిపాడు.

"కూసోప్పా. నువ్వన్నది నిజమేనేమో. మా పాప శివజ్యోతి చెవుల డాక్టరు కాడికి పిల్సకపోయింది. బాగుండాయి అన్న్యాడు. ఇంజను ఇనే సంగతి ఆయనకేం తెలుస్తాది? ఆ పొద్దుకాడ్నుంచి ఏ బండి మింద చెయ్యి పెట్టినా అనుమానమే. నెలాఖరుకు షెడ్డు మూసేస్తాండా."

రంగనాథ్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నిజానికి మన పెద్దమనిషి రంగనాథ్ బండి బాగుచేయించుకోవడానికే వచ్చాడు గానీ, ఒప్పుకోవడానికి కాదు.

"మూయొద్దన్నా" అన్నాడు నేలకేసి చూస్తూ. "నువ్వు పెట్టింది సరిగానే ఉండె. నేనే తిప్పినా."

గాబ్రియేలు లేచి బానెట్ ఎత్తి, ఇంజను ఆడించి, డిస్ట్రిబ్యూటరు మీద చెయ్యి వేశాడు. మెల్లగా తిప్పాడు, కాస్త వెనక్కి తెచ్చాడు, బిగించాడు. ఇంజను దగ్గు మాని నిలకడగా ఆడింది. ముసలాయన చాలాసేపు కళ్లు మూసుకుని విన్నాడు.

తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"రెండు నూర్ల మందిలో అన్న్యావు. ఇప్పుడు నాకొక్కనికి చెప్తే ఏమొస్తాదప్పా?"

రోడ్డు అవతల టీ బంకు దగ్గర పదిమంది డ్రైవర్లు, బండ్ల ఓనర్లు కూర్చుని ఉన్నారు. పెళ్లికి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. రంగనాథ్ రోడ్డు దాటాడు. అందరూ అతనివైపు చూశారు. లోగొంతుకతో అన్నాడు.

"పెండ్లిలో బండి చెడగొట్టింది నేను. గాబ్రియేలన్న కాదు."

వెనక బెంచీ మీద నుంచి ఎవరో, "ఇనపల్యా, గట్టిగా చెప్పప్పా" అన్నారు.

రంగనాథ్ మళ్లీ చెప్పాడు.